క్రికల్యోవ్ నిజంగా మిర్‌లో చిక్కుకుపోయారా?

సెర్గెయ్ క్రికల్యోవ్ పేరు గుర్తు లేకపోయినా ఆయన కథ మీ కంట పడే ఉంటుంది. 1991లో ఒక సోవియట్ వ్యోమగామి మిర్ అనే సోవియట్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడు. ఆయన పైన ఉండగానే కింద దేశం పదిహేను ముక్కలైంది. వెనక్కి తీసుకురావడానికి డబ్బుల్లేక ఆయన్ని అక్కడే వదిలేశారు. పది నెలలు ఒంటరిగా భూమి చుట్టూ తిరిగి, చివరికి 'చివరి సోవియట్ పౌరుడు'గా నేలకు దిగాడు. ఏటా ఏదో ఒక సందర్భంలో ఈ కథ మళ్లీ ఫోన్లలోకి వస్తూనే ఉంటుంది.

కథలో పేరు, సంవత్సరం నిజమే. దేశం ముక్కలవడమూ నిజమే. కానీ ఆయన్ని ఎవరూ వదిలేయలేదు. ఒంటరిగా ఆయన ఒక్క రోజు కూడా లేరు. ఇంకొన్నాళ్లు ఉంటారా అని అడిగారు, ఉంటానన్నారు. అదీ దేశం కూలిపోకముందే. నిస్సహాయుడైన మనిషి కథగా చెప్పినప్పుడు మనకు జాలి కలుగుతుంది గానీ, ఆయన తీసుకున్న నిర్ణయం ఎంత పెద్దదో కనిపించకుండా పోతుంది. అందుకే ఈ చిక్కుముడిని మొదటి నుంచి విప్పాలి.

క్రికల్యోవ్ 1958 ఆగస్టు 27న లెనిన్‌గ్రాడ్‌లో పుట్టారు. అక్కడి మెకానికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంజినీరింగ్ చదివి, 1981లో ఎనర్జియా సంస్థలో చేరారు. సోయుజ్ నౌకలు, అంతరిక్ష కేంద్రాలు తయారుచేసే సంస్థ అది. విమాన విన్యాసాలంటే ప్రాణం, జాతీయ జట్టులో కూడా ఉన్నారు. అయితే ఆయన సైనిక పైలట్ కాదు. ఈ తేడా తర్వాత జరిగినదానికి చాలా ముఖ్యం. సోవియట్ పద్ధతిలో దీర్ఘకాలం ఉండే సిబ్బంది మామూలుగా ఇద్దరు. కమాండర్ చాలావరకు వైమానిక దళం నుంచి వస్తారు. రెండో మనిషి ఫ్లైట్ ఇంజినీర్, ఎక్కువగా ఎనర్జియా నుంచే. స్టేషన్‌లో ఏ పైపు ఎటు పోతుందో, ఏ పంపు మొరాయిస్తే ఏం చేయాలో తెలిసిన మనిషి ఇంజినీరే. అతను లేకుండా స్టేషన్‌ను నెలల తరబడి నడపడం కుదరదు.

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పెద్ద పరీక్ష ఎదురైంది. 1985 ఫిబ్రవరిలో సల్యూత్-7 కేంద్రం నుంచి సంకేతాలు ఆగిపోయాయి. మన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో దాదాపు ఎనిమిది రోజులు గడిపింది ఆ కేంద్రంలోనే. హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన ఆ పైలట్ తిరిగి వచ్చి ఏడాది కూడా నిండలేదు, ఆయన ఉన్న ఇల్లు గడ్డకట్టిపోయింది. ఆ సమయంలో అందులో మనుషులెవరూ లేరు. కరెంటు పోయింది, నీళ్లు మంచయ్యాయి, స్టేషన్ అదుపు లేకుండా తిరుగుతోంది. జూన్‌లో జానిబెకోవ్, సవినిఖ్ అనే ఇద్దరు వెళ్లి, చేత్తో నౌకను నడిపి దానికి అతికించి, చలిలో వణుకుతూ మళ్లీ బతికించారు. అదుపు తప్పిన స్టేషన్‌కు ఎలా అతుక్కోవాలి, లోపలి వ్యవస్థలను ఎలా బాగుచేయాలి అన్న పద్ధతులను కింద నుంచి రూపొందించిన బృందంలో 26 ఏళ్ల క్రికల్యోవ్ ఒకరు. అదే ఏడాది ఆయన వ్యోమగామిగా ఎంపికయ్యారు. మనుషుల్లేని స్టేషన్ చచ్చిపోతే దాన్ని లేపడం ఎంత కష్టమో ఆయనకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు.

మొదటి ప్రయాణం 1988 నవంబర్ 26న. కమాండర్ అలెగ్జాండర్ వోల్కోవ్, ఫ్రెంచ్ వ్యోమగామి జాన్-లూ క్రెతియెన్‌లతో కలిసి మిర్‌కు వెళ్లారు. అప్పటికి అక్కడ వ్లదీమిర్ తితోవ్, ముసా మనరోవ్ ఏడాది పూర్తి చేయబోతున్నారు. అంతరిక్షంలో 365 రోజులు గడిపిన మనుషులు ఎలా ఉంటారో, ఎలా పని చేస్తారో క్రికల్యోవ్ దగ్గర్నుంచి చూశారు. 1989 ఏప్రిల్ 27న ఆయన, వోల్కోవ్, వైద్యుడు వలేరీ పల్యకోవ్ దిగి వచ్చేశాక, తర్వాతి బృందం రావడం ఆలస్యం కావడంతో సెప్టెంబర్ దాకా మిర్ ఖాళీగా ఉండిపోయింది. వోల్కోవ్, క్రికల్యోవ్, ఈ రెండు పేర్లు గుర్తుంచుకోండి. రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ ఇదే ఇద్దరికి, ఇదే స్టేషన్‌తో పని పడింది.

ఇక అసలు ప్రయాణం. 1991 మే 18న సోయుజ్ టీఎం-12లో కమాండర్ అనతోలీ అర్త్సెబార్స్కీ, ఇంజినీర్ క్రికల్యోవ్, బ్రిటన్ తొలి వ్యోమగామి హెలెన్ షార్మన్ బైకనూర్ రాకెట్ ప్రయోగ కేంద్రం నుంచి బయల్దేరారు. షార్మన్ ఎనిమిది రోజుల్లో పాత బృందంతో కలిసి దిగిపోయారు. మిగిలిన ఇద్దరూ ఆ వేసవిలో ఆరుసార్లు స్టేషన్ బయటికి వెళ్లి పనిచేశారు. మిర్ మీద 'సఫోరా' అనే 14 మీటర్ల దూలాన్ని ముక్కముక్కగా బిగించారు. జులై చివర్లో అర్త్సెబార్స్కీ ఆ దూలం కొస దాకా ఎక్కి సోవియట్ జెండా కట్టారు. ఎక్కే శ్రమకు హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టి కళ్లు కనపడకపోతే, క్రికల్యోవ్ సాయం చేసి వెనక్కి తెచ్చారు. ఆ జెండా కట్టిన దేశానికి అప్పటికి ఇంకా ఐదు నెలల ఆయుష్షు ఉంది.

సరిగ్గా ఆ జులైలోనే కింద నుంచి అడిగారు. మాస్కోలో తిరుగుబాటు ప్రయత్నం జరిగింది ఆగస్టు 19న. సోవియట్ అధ్యక్షుడు గోర్బచోవ్ రాజీనామా డిసెంబర్ 25న. క్రికల్యోవ్ 'ఉంటాను' అన్నది వీటన్నిటికంటే ముందు. ఆయన ఉండిపోవడానికి కారణం దేశం మాయమవడం కాదు, సీట్ల సర్దుబాటు.

డబ్బు సమస్య లేదని కాదు. బాగా ఉంది. శరదృతువులో రెండు ప్రయాణాలు అనుకుంటే, ఖర్చు తగ్గించడానికి వాటిని ఒకటిగా కలిపేశారు. సోయుజ్‌లో సీట్లు మూడే. ఒకటి కమాండర్‌ది, తప్పదు. ఒకటి ఆస్ట్రియాకు చెందిన ఫ్రాంజ్ ఫీబ్యోక్‌ది, ఆ దేశం డబ్బు కట్టింది. విదేశీ కరెన్సీ కోసం సోవియట్ అంతరిక్ష శాఖ అప్పటికే సీట్లు అమ్మడం మొదలుపెట్టింది. 1990లో ఒక జపాన్ టీవీ పాత్రికేయుడు కూడా అలాగే వెళ్లొచ్చారు. మూడో సీటు మామూలుగా ఫ్లైట్ ఇంజినీర్‌ది. దాన్ని కజక్‌స్తాన్‌కు చెందిన టెస్ట్ పైలట్ తోక్తార్ ఔబకీరోవ్‌కు ఇచ్చారు. బైకనూర్ ఉన్నది కజక్ నేల మీద. ఎన్ని రాకెట్లు ఎగిరినా కజక్ జాతి మనిషి మాత్రం ఒక్కడూ అక్కడి నుంచి అంతరిక్షానికి వెళ్లలేదు. గణతంత్రాలు ఒక్కొక్కటే మాస్కో చేయి వదిలించుకుంటున్న రోజుల్లో కజక్‌స్తాన్‌ను దగ్గర చేసుకోవడం మాస్కోకు అవసరం. నా ఉద్దేశంలో కజక్‌ల కోరిక న్యాయమైనది కూడా. ఔబకీరోవ్ గొప్ప పైలట్. కానీ నెలల తరబడి మిర్‌ను నడిపే శిక్షణ ఆయనకు లేదు. వచ్చే నౌకలో ఇంజినీర్ లేడు కాబట్టి, ఉన్న ఇంజినీరే ఉండిపోవాలి.

థర్మల్ పవర్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రిలీవర్ రాకపోతే కంట్రోల్ రూమ్ వదిలి వెళ్లరు. గేటుకు తాళం వేశారని కాదు, యూనిట్ నడుస్తోంది కాబట్టి. క్రికల్యోవ్ షిఫ్టు ఐదు నెలల నుంచి పదికి పెరిగింది, అంతే తేడా. ఇంట్లో భార్య, పసిపాప ఉన్న మనిషికి ఆ 'అంతే' చిన్నదేం కాదు.

అక్టోబర్ 2న సోయుజ్ టీఎం-13 బయల్దేరింది. కమాండర్ మళ్లీ వోల్కోవే. అక్టోబర్ 10న ఔబకీరోవ్, ఫీబ్యోక్, అర్త్సెబార్స్కీ పాత సోయుజ్‌లో దిగిపోయారు. మిర్‌లో వోల్కోవ్, క్రికల్యోవ్ మిగిలారు.

చాలామంది అడిగే ప్రశ్న ఇక్కడే వస్తుంది. కావాలనుకుంటే ఆయన దిగి రాగలిగేవారా? రాగలిగేవారు. మనుషులున్నంతకాలం మిర్‌కు ఒక సోయుజ్ అతుక్కునే ఉండేది. మంటలు రేగినా, గాలి లీకైనా, ఆరోగ్యం చెడినా అందులో కూర్చుని కొన్ని గంటల్లో భూమికి రావచ్చు. ఇద్దరు మనుషులు, మూడు సీట్లు. కాకపోతే ఇద్దరూ వచ్చేస్తే మిర్ ఖాళీ అవుతుంది. డబ్బుల్లేని దేశంలో ఖాళీ స్టేషన్‌కు మళ్లీ మనుషులు ఎప్పుడు వెళ్తారో, అసలు వెళ్తారో లేదో ఎవరూ చెప్పలేని రోజులవి. సల్యూత్-7 గతి తెలిసిన ఇంజినీరుకు ఆ ఆలోచన ఎంత బరువుగా ఉండేదో ఊహించడం కష్టం కాదు.

ఇంకో పొరపాటు మాట కూడా ప్రచారంలో ఉంది. మిర్‌లో 'రదుగా' అనే క్యాప్సూల్ ఉండేదనీ, క్రికల్యోవ్ దాంట్లో దిగి రావచ్చనీ కొందరు రాస్తారు. రదుగా మనుషులు ఎక్కేది కాదు. ప్రోగ్రెస్ సరుకుల నౌకతో పాటు పంపే చిన్న డబ్బా, ప్రయోగాల ఫలితాలు, నమూనాల్లాంటివి 150 కిలోల దాకా కిందికి పంపడానికి వాడేవారు. మనుషుల తోవ సోయుజ్ ఒక్కటే.

ఆ సోయుజ్‌కూ గడువు ఉంటుంది. కక్ష్యలో సుమారు 180 రోజులు దాటితే దాన్ని నమ్మలేరు. దిగేటప్పుడు క్యాప్సూల్‌ను సరైన దిశలో ఉంచే చిన్న ఇంజిన్లకు వాడేది హైడ్రోజన్ పెరాక్సైడ్, అది నిల్వ ఉన్నకొద్దీ విచ్ఛిన్నమవుతుంది. టీఎం-13 బయల్దేరింది అక్టోబర్ 2న, భూమికి దిగింది 1992 మార్చి 25న. మధ్యలో 175 రోజులు. గడువు లోపే. ఒక వ్యోమగామిని వదిలేసిన దేశం చేసే పని కాదిది. కూలిపోతున్న ఇంట్లో కూడా కొందరు క్యాలెండర్ తప్పనివ్వలేదు.

కింద ఉన్నవాళ్లు మిర్‌ను ఎలా నడిపించారన్నదే ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా కదిలించే విషయం. డిసెంబర్ 16న కజక్‌స్తాన్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, రాకెట్ ఎగిరే చోటూ సోయుజ్ దిగే చోటూ రెండూ పరాయి దేశంలోకి వెళ్లిపోయాయి. క్రిమియాలోని యెవ్‌పతోరియా ట్రాకింగ్ కేంద్రం ఉక్రెయిన్‌లో పడింది. సముద్రాల మీద తిరుగుతూ మిర్‌తో మాట్లాడించే నౌకల్లో పెద్దది, గగారిన్ పేరున్నది, ఒదెస్సా ఓడరేవుకు చెందినది కాబట్టి ఉక్రెయిన్ సొంతమైంది, తర్వాత 1996లో తుక్కుగా పోయింది. అంతరిక్ష పరిశ్రమను నడిపిన మంత్రిత్వ శాఖే రద్దయింది. డిసెంబర్ 30న మిన్‌స్క్‌లో కొత్త దేశాలు అంతరిక్షంలో కలిసి పనిచేద్దామని ఒప్పందం రాసుకున్నాయి. గోర్బచోవ్ దిగిపోయి అప్పటికి ఐదు రోజులే. రష్యా అంతరిక్ష సంస్థ ఏర్పాటైంది 1992 ఫిబ్రవరి 25న. అంటే రెండు నెలల పాటు మిర్‌కు యజమాని ఎవరో కాగితం మీద స్పష్టంగా లేదు. జనవరి 2న ధరల నియంత్రణ ఎత్తేశారు, జీతాల విలువ నెలనెలా కరిగిపోయింది. అయినా మాస్కో పక్కన మిషన్ కంట్రోల్‌లో షిఫ్టులు ఆగలేదు. జనవరిలోనే ఇంకో ప్రోగ్రెస్ నౌక తిండి, నీళ్లు, విడిభాగాలు తీసుకుని మిర్‌కు వెళ్లింది. వీళ్ల పేర్లు ఏ పోస్టులోనూ కనిపించవు. 'వదిలేశారు' అనేసినప్పుడు అన్యాయం జరిగేది వీళ్లకే.

పైన ఇద్దరికీ వార్తలు తెలుస్తూనే ఉన్నాయి. మిషన్ కంట్రోల్ చెప్పేది, ఇంటివాళ్లతో మాట్లాడించేది. దానికి తోడు క్రికల్యోవ్‌కు హ్యామ్ రేడియో ఉండేది, ప్రపంచంలో ఎక్కడెక్కడి ఔత్సాహికులతోనో మాట్లాడేవారు. ఆయన పుట్టిన లెనిన్‌గ్రాడ్ సెప్టెంబర్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అయింది. టెన్షన్ ఉండకుండా ఎలా ఉంటుంది? కానీ పని ఆగలేదు. ఫిబ్రవరి 20న ఇద్దరూ స్పేస్‌వాక్‌కు దిగారు. వోల్కోవ్ సూట్‌లో చల్లదనాన్నిచ్చే పరికరం పాడవడంతో ఆయన తలుపు దగ్గరే ఉండాల్సి వచ్చింది, బయటి పని ఎక్కువగా క్రికల్యోవే చేశారు. ఆ యాత్రలో ఆయనకు అది ఏడో స్పేస్‌వాక్.

వోల్కోవ్ గురించి ఒక మాట చెప్పాలి. సోవియట్ యూనియన్ అంతమైన రోజు మిర్‌లో ఉన్నది ఇద్దరు. ఉక్రెయిన్‌లోని హొర్లివ్కాలో పుట్టిన వోల్కోవ్‌కు ఆ రోజు సొంతూరే పరాయి దేశమైంది. 'చివరి సోవియట్ పౌరుడు' అన్న బిరుదులో ఆయనకు వాటా ఎందుకు ఇవ్వరో నాకు అర్థం కాదు. ఆయన కొడుకు సెర్గెయ్ కూడా 2008లో అంతరిక్షానికి వెళ్లారు.

మార్చి 17న సోయుజ్ టీఎం-14లో విక్తొరెంకో, కలేరీ, జర్మన్ వ్యోమగామి ఫ్లాడె వచ్చారు. ఎట్టకేలకు రిలీవర్. మార్చి 25న వోల్కోవ్, క్రికల్యోవ్, ఫ్లాడె కజక్‌స్తాన్‌లోని అర్కలిక్ దగ్గర దిగారు. క్రికల్యోవ్ సూట్ మీద ఇంకా సోవియట్ అక్షరాలే ఉన్నాయి. పాలిపోయిన ముఖంతో, మనుషులు పట్టుకుంటే తప్ప నిలబడలేని స్థితిలో ఉన్న ఆ ఫొటోలే అనాథ కథకు ఆజ్యం పోశాయి. నిజానికి నెలల తర్వాత దిగే ఎవరైనా అలాగే ఉంటారు. బరువు లేని చోట కాళ్ల కండరాలు కరుగుతాయి, నెలకు ఒక శాతం చొప్పున ఎముకల్లో సాంద్రత తగ్గుతుంది, రోజుకు రెండు గంటల వ్యాయామం ఆ నష్టాన్ని తగ్గిస్తుందే గానీ ఆపదు. పైగా 311 రోజులు అప్పటికి రికార్డు కూడా కాదు. తితోవ్, మనరోవ్‌ల 365 రోజులు, రొమనెంకో 326 రోజులు ముందే ఉన్నాయి. కొత్త రష్యా ఆ వసంతంలో 'రష్యన్ ఫెడరేషన్ వీరుడు' బిరుదు పెట్టి, 1వ నంబరు పతకాన్ని క్రికల్యోవ్‌కు ఇచ్చింది. పాత సోవియట్ వీరుడి పతకం 1989లోనే ఉంది.

మామూలుగా కథ ఇక్కడ ఆపేస్తారు. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు. 1994 ఫిబ్రవరిలో అమెరికా షటిల్ డిస్కవరీ ఎక్కారు, షటిల్‌లో ఎగిరిన తొలి రష్యన్ ఆయనే. 1998 డిసెంబర్‌లో ఎండీవర్‌లో వెళ్లి, కొత్తగా జోడించిన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోకి కమాండర్ కబానాతో కలిసి మొదట అడుగుపెట్టారు. 2000 నవంబర్ 2న అక్కడ కాపురం మొదలుపెట్టిన తొలి ముగ్గురిలో ఆయన ఒకరు. ఆ విడత ముగించుకుని 2001 మార్చి 21న దిగారు. సరిగ్గా రెండు రోజులకు, మార్చి 23న, మిర్‌ను దక్షిణ పసిఫిక్‌లో కూల్చేశారు.

ఈ అమెరికా-రష్యా స్నేహానికి మనమూ కొంత మూల్యం చెల్లించాం. 1991 జనవరిలో ఇస్రో క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో నడిచే) రాకెట్ ఇంజిన్ల కోసం, వాటి పరిజ్ఞానం కోసం సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో ఒప్పందం చేసుకుంది. 1992 మేలో అమెరికా ఇరు సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా పరిజ్ఞానం ఇవ్వబోనని వెనక్కి తగ్గింది, కొద్ది వారాలకే అంతరిక్ష కేంద్రంలో భాగస్వామ్యం ఖరారైంది. మనకు ఇంజిన్లు మాత్రం వచ్చాయి. సొంత క్రయోజెనిక్ దశతో జీఎస్ఎల్‌వీ శ్రీహరికోట నుంచి విజయవంతంగా ఎగిరేసరికి 2014 జనవరి 5 అయింది. అలా మన ఇంజినీర్లు ఇరవై ఏళ్లు సొంతంగా కష్టపడాల్సి వచ్చింది.

2005లో ఆరోసారి వెళ్లినప్పుడు మొత్తం 803 రోజులకు చేరారు. అప్పటికి అది ప్రపంచ రికార్డు, పదేళ్లు నిలిచింది. అంత వేగంతో అన్ని రోజులు తిరిగినందుకు సాపేక్ష సిద్ధాంతం ప్రకారం మనకంటే సెకనులో యాభయ్యో వంతు తక్కువ వయసు గడిచిందని లెక్క. 2015లో గెన్నడీ పదల్కా, తర్వాత ఒలెగ్ కొనొనెంకో ఆయన్ని దాటారు. ఆయన మాత్రం గగారిన్ శిక్షణ కేంద్రానికి అధిపతిగా, తర్వాత రష్యా అంతరిక్ష సంస్థ రాస్‌కాస్మాస్‌లో మానవసహిత యాత్రల బాధ్యుడిగా పనిచేశారు.

ఆ హోదాలో ఉండగానే 2022 డిసెంబర్ వచ్చింది. అంతర్జాతీయ కేంద్రానికి అతికి ఉన్న సోయుజ్ ఎంఎస్-22 నుంచి శీతలీకరణ ద్రవం బయటికి చిమ్మి ఖాళీ అయింది. ప్రొకోప్యేవ్, పెతెలిన్, అమెరికన్ రూబియోల తిరుగు నౌకే చెడిపోయింది. వాళ్లు మిర్‌లో క్రికల్యోవ్ కంటే నిజంగా చిక్కుకుపోయినదానికి దగ్గరగా ఉన్నారు. 2023 జనవరిలో విలేకరుల ముందు ఏం చేయబోతున్నారో రష్యా తరఫున వివరించింది క్రికల్యోవే. ఫిబ్రవరిలో మనుషుల్లేకుండా కొత్త సోయుజ్ పంపారు, ఆరు నెలలకని వెళ్లిన ఆ ముగ్గురూ 371 రోజులు ఉండి సెప్టెంబర్‌లో దిగారు. మరుసటి ఏడాది సునీతా విలియమ్స్ విషయంలోనూ మన చానళ్లన్నీ 'చిక్కుకుపోయారు' అనే రాశాయి. అప్పుడు కూడా అడగాల్సిన ప్రశ్న, స్టేషన్‌కు ఆమె ఎక్కడానికి నౌక ఉందా లేదా అన్నదే. 2024 సెప్టెంబర్ చివర్లో రెండు ఖాళీ సీట్లతో డ్రాగన్ వచ్చి అతికింది. ఆమె మిగతా సిబ్బందితో కలిసి విధులు చేసి, రిలీవర్లు వచ్చాక 2025 మార్చి 18న అందులోనే దిగారు.